బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్: నిర్మాణం, పుట్టుకతో వచ్చే లోపం

మనిషి రక్తంలో ఎప్పుడూ తిరుగుతుండే ఎంజైముల్లో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఒకటి. కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కోలిన్‌కు ఏదో ఒక ఆమ్లం అతుక్కుని ఏర్పడే ఎస్టర్లను నీటి సాయంతో విడగొట్టడం దీని పని. ల్యాబ్ రిపోర్టుల్లో సూడోకోలినెస్టరేజ్, ప్లాస్మా కోలినెస్టరేజ్, సీరం కోలినెస్టరేజ్ అని రకరకాలుగా రాసినా అన్నీ ఈ ఒక్కదాని పేర్లే.

పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లేనివాళ్లు, ఉన్నా సరిగా పనిచేయనివాళ్లు ప్రపంచమంతటా అక్కడక్కడా ఉన్నారు. తెలుగునాట ఆర్యవైశ్యుల్లో మాత్రం ఈ లోపం మిగతా జనంతో పోలిస్తే సుమారు 100 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. లోపమున్న మనిషి మామూలుగా పుడతాడు, పెరుగుతాడు, నూరేళ్లూ బతుకుతాడు. తిండిలో పథ్యం లేదు, వేసుకోవాల్సిన మాత్ర లేదు. ఆపరేషన్ బల్ల మీద ఒక ప్రత్యేకమైన ఇంజెక్షన్ పడిననాడు మాత్రమే ఆ లోపం బయటపడుతుంది. ఆ క్షణాన మత్తు డాక్టరుకు సంగతి ముందే తెలిసి ఉందా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టా వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఎంజైమ్ గురించి తెలియవలసిన అవసరం అక్కడే ఉంది.

పేరు, చరిత్ర

నరం చివర నుంచి కండరానికి కబురు మోసుకెళ్లేది అసిటైల్‌కోలిన్. కబురు అందిన వెంటనే దాన్ని చెరిపేసే ఎంజైమ్ ఒకటి ఉండాలని శాస్త్రజ్ఞులు ముందే ఊహించారు. 1932లో స్టెడ్‌మన్ దంపతులు, ఈసన్ కలిసి గుర్రం రక్తరసం నుంచి అలాంటి ఎంజైమ్‌ను వేరుచేసి దానికి కోలిన్-ఎస్టరేజ్ అని పేరు పెట్టారు. ఎర్ర రక్తకణాల మీద ఉండే ఎంజైమ్, రక్తరసంలో ఉండే ఎంజైమ్ ఒకటి కావని 1940లో ఆలెస్, హాస్ గమనించారు. మొదటిది అసిటైల్‌కోలినెస్టరేజ్. నరాలూ కండరాలూ కలిసేచోట కబురు చెరిపే అసలు పనివాడు అదే. రెండోది బ్యూటిరైల్‌కోలిన్‌ను ఇంకా వేగంగా కోస్తుంది కాబట్టి దానికి ఆ పేరు స్థిరపడింది. మధ్యలో కొన్నాళ్లు దాన్ని 'సూడో', అంటే అబద్ధపు కోలినెస్టరేజ్ అన్నారు. ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఆ పేరే నడుస్తోంది. ఆ మాట అన్యాయమైనదే. పిల్లలకు ఆస్తమాకు వాడే మందు నుంచి పొలంలో చల్లే పురుగుమందు దాకా ఎన్నింటితోనో తలపడే ఎంజైమ్‌లో అబద్ధమేమీ లేదు.

నిర్మాణం

ఈ ఎంజైమ్‌ను రాసే బీసీహెచ్‌ఈ జన్యువు మూడో క్రోమోజోమ్ పొడుగు చేయి మీద ఉంది. కాలేయ కణంలో మొదట 602 అమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది. అందులో మొదటి 28 చిరునామా చీటీ లాంటివి. ప్రోటీన్‌ను కణం బయటికి పంపే దారిలో అవి తెగిపోతాయి. మిగిలిన 574 ఆమ్లాలదే అసలు ఎంజైమ్. ఆ వరసంతా 1987లో ఒక్సానా లాక్రిడ్జ్ బృందం చదివి ప్రకటించింది. పాత పరిశోధనలు ఈ 574ను ఒకటి నుంచి లెక్కపెడతాయి, నేటి జన్యు పరీక్షల రిపోర్టులు 602ను లెక్కపెడతాయి. అందుకే ఒకే మార్పును ఒకచోట 307 అనీ మరోచోట 335 అనీ రాస్తారు. 307కి 28 కలిపితే 335. రిపోర్టు చేతిలో పట్టుకుని రెండు జబ్బులున్నాయేమోనని కంగారుపడ్డవాళ్లకు ఈ చిన్న కూడిక చాలు.

గొలుసు మీద తొమ్మిది చోట్ల చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఎంజైమ్ బరువులో దాదాపు పావు వంతు వీటిదే. రక్తంలో త్వరగా కరిగిపోకుండా పది పన్నెండు రోజులు తిరిగేలా వీటివల్లే వీలవుతుంది. అయితే ఎక్స్‌రేలతో నిర్మాణం చూడాలనుకున్నవాళ్లకు ఈ చక్కెరలే అడ్డు పడ్డాయి. ఎక్స్‌రే పద్ధతికి ప్రోటీన్ అణువులన్నీ ఒక్క తీరుగా పేర్చుకుని స్ఫటికం కట్టాలి. చక్కెరలు ఒక్కో అణువు మీద ఒక్కో పొడవున పెరుగుతాయి కాబట్టి పేర్పు కుదరదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ శాస్త్రజ్ఞులు లాక్రిడ్జ్‌తో కలిసి దీనికి ఒక ఉపాయం చేశారు. తొమ్మిదింటిలో నాలుగు చక్కెర స్థానాలను జన్యువులోనే తీసేసి, ఎంజైమ్ తోకను కత్తిరించి, మిగిలినదాన్ని హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెంచారు. 2003లో నికొలే, నషో, మాసన్, ఫాంటెసీలా-కాంప్స్, లాక్రిడ్జ్ కలిసి మానవ బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ నిర్మాణాన్ని 2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ప్రచురించారు. అప్పటికి పన్నెండేళ్ల ముందు, 1991లో, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో సస్‌మన్, సిల్మన్ బృందం టార్పెడో అనే విద్యుత్ చేప నుంచి తీసిన అసిటైల్‌కోలినెస్టరేజ్ నిర్మాణం చూపించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే అసలు విషయం తేటతెల్లమైంది.

రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మధ్యలో చాపలా అల్లుకున్న పట్టీలు, వాటి చుట్టూ స్ప్రింగుల్లా తిరిగిన హెలిక్సులు ఉంటాయి. ఆ ముద్ద మధ్యలోకి పైనుంచి కిందికి ఒక ఇరుకైన బావి దిగుతుంది. లోతు దాదాపు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే మీటరులో వంద కోట్లవ వంతుకు రెండింతలు. కోత జరిగే చోటు ఆ బావి అడుగున ఉంటుంది. ఎస్టర్ అణువు పైనుంచి లోపలికి జారాలి, అడుగున కోతపడాలి, ముక్కలు మళ్లీ పైకి రావాలి.

బావి ఒరమీద 70వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. దానిది రుణావేశం. కోలిన్ ఉన్న అణువులన్నిటికీ ధనావేశం ఉంటుంది కాబట్టి ఈ ఆస్పార్టిక్ ఆమ్లం గుమ్మం దగ్గర నిలబడి వాటిని లోపలికి పిలుస్తుంది. అడుగున 82వ స్థానంలో ట్రిప్టోఫాన్ వాటిని పట్టి నిలుపుతుంది. పక్కనే కత్తి ఉంది. 198వ సెరీన్, 438వ హిస్టిడిన్, 325వ గ్లుటామిక్ ఆమ్లం కలిసి కోత కోస్తాయి. వరసలో ఇవి ఎక్కడెక్కడో ఉన్నా గొలుసు ముడుచుకున్నాక ముగ్గురూ ఒకచోట చేరతారు. హిస్టిడిన్ సెరీన్ నుంచి ఒక ప్రోటాన్ లాగుతుంది, గ్లుటామిక్ ఆమ్లం హిస్టిడిన్‌ను నిలదొక్కుకునేలా చేస్తుంది. అలా పదునెక్కిన సెరీన్ ఎస్టర్ మీద పడి ఆమ్లం ముక్కను కాసేపు తనకే అతికించుకుంటుంది, కోలిన్ విడిపోతుంది. తర్వాత నీటి అణువు వచ్చి ఆ ఆమ్లాన్ని కూడా విడిపిస్తుంది. కత్తి మళ్లీ పనికి సిద్ధం.

ఇక తేడా. అసిటైల్‌కోలినెస్టరేజ్ బావి గోడల నిండా పెద్ద పెద్ద వలయాలున్న ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలు పద్నాలుగు ఉంటాయి. బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్‌లో వాటిలో ఆరు చోట్ల చిన్నవి వచ్చాయి. ముఖ్యంగా కోత జరిగే చోటు పక్కన రెండు ఫినైల్‌అలనీన్లకు బదులు 286లో లూసిన్, 288లో వాలిన్ ఉన్నాయి. దాంతో బావి లోపల చోటు బాగా పెరిగింది. ఇరుకు బావిలో పట్టని పెద్ద అణువులన్నీ ఇందులో పడతాయి. బ్యూటిరైల్‌కోలిన్, ప్రొకెయిన్ లాంటి మత్తుమందులు, ఆస్పిరిన్, కొకైన్, చివరికి సక్సినైల్‌కోలిన్ కూడా ఇలా పట్టేవే. ఒకే గుమ్మం ఉన్న రెండిళ్లలో ఒకదాని లోపలి గది పెద్దదైతే సామాను ఎంతెంతో పట్టినట్టే. రెండు ఎంజైముల జీవితాలు వేరైపోవడానికి కారణం ఈ గది కొలతే.

రక్తంలో ఇది ఒంటరిగా తిరగదు. నాలుగు గొలుసులు కలిసి ఒక జట్టుగా ఉంటాయి. ఒక్కో గొలుసు దాదాపు 85 కిలోడాల్టన్లు, నాలుగూ కలిస్తే దాదాపు 340. 2003లో కత్తిరించేసిన ఆ తోకలే ఈ నాలుగింటినీ కలిపి పట్టుకుంటాయి. నాలుగు తోకలూ ప్రోలిన్ నిండిన ఒక చిన్న పెప్టైడ్ చుట్టూ తాడు పేనినట్టు పెనవేసుకుంటాయి. ఆ పెప్టైడ్ ఈ ఎంజైమ్‌ది కాదు, లామెల్లిపోడిన్ అనే వేరే ప్రోటీన్ తెగగా మిగిలిన ముక్క అని 2008లో లాక్రిడ్జ్ బృందం కనిపెట్టింది. 2018లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఈ నలుగురి జట్టును మొత్తంగా చూపించింది. ఇద్దరిద్దరుగా జతకట్టి, ఆ రెండు జతలూ కలిసి ఒకటైన రూపమది.

స్కోలిన్, ఆగిన ఊపిరి

అసిటైల్‌కోలిన్ అణువులు రెండింటిని వెన్నుకు వెన్ను అతికిస్తే సక్సినైల్‌కోలిన్. మన ఆసుపత్రుల్లో దీన్ని స్కోలిన్ అంటారు, అమెరికాలో 'సక్స్' అంటారు. 1906లోనే హంట్, టావో దీన్ని జంతువుల మీద పరీక్షించారు. ఆ జంతువులకు ముందే కండరాలు చచ్చుబడే కురారే ఇచ్చి ఉండడంతో ఈ మందు అసలు గుణం వాళ్ల కంటపడలేదు. 1949లో డానియెల్ బొవే దాన్ని గుర్తించాడు. 1951 నుంచి ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చింది. బొవేకు 1957లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ మందు నరాలు కండరాలను కలిసేచోట గట్టిగా కూర్చుంటుంది. నిమిషంలోపే ఒంట్లోని కండరాలన్నీ వదులైపోతాయి, గొంతులోకి గొట్టం సులువుగా దించవచ్చు. ప్రమాదంలో గాయపడి వచ్చినవారికి, కడుపు ఖాళీ లేని మనిషికి, అత్యవసర సిజేరియన్‌కు పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, మానసిక వైద్యంలో షాక్ చికిత్సకు ముందు డాక్టర్లు దీన్ని ఎంచుకునేది ఈ వేగం కోసమే. వేగంగా పనిచేసినట్టే వేగంగా పోతుంది కూడా. దాన్ని పోగొట్టేది బ్యూటిరైల్‌కోలినెస్టరేజే. ఇచ్చిన మందులో అత్యధిక భాగం కండరాన్ని చేరకముందే రక్తంలోనే కోతపడుతుంది. మొదట ఒక కోలిన్ ఊడిపోతుంది, తర్వాత నెమ్మదిగా రెండోది. అయిదు పది నిమిషాల్లో మనిషి సొంతంగా ఊపిరి తీస్తాడు.

ఎంజైమ్ లేని మనిషిలో ఈ లెక్కంతా తలకిందులవుతుంది. కోయబడాల్సిన మందంతా కండరాల దాకా వెళ్తుంది, అక్కడి నుంచి త్వరగా కదలదు. పది నిమిషాల ఇంజెక్షన్ గంటల తరబడి పట్టేస్తుంది. ఊపిరి తీసే కండరాలు కూడా కదలవు. వెంటిలేటర్ మీద ఉంచి ఊపిరి అందిస్తూ ఉంటే మందు మెల్లగా మూత్రంలోంచి, ఇతర దారుల్లో పోతుంది, మనిషి మామూలు అవుతాడు. ప్రాణం పోవాల్సిన జబ్బేమీ కాదు. ఊపిరి అందించేవాళ్లు పక్కన లేనప్పుడే ప్రాణం పోతుంది.

ఇందులో అన్నిటికన్నా భయంకరమైనది ఇంకొకటుంది. స్కోలిన్ మత్తుమందు కాదు, అది కండరాన్ని మాత్రమే కట్టేస్తుంది. నిద్ర పుచ్చే మందు వేరు. ఆపరేషన్ అయిపోయిందని ఆ నిద్ర మందును ఆపేస్తే మనిషికి మెలకువ వస్తుంది. మాటలు వినిపిస్తుంటాయి, గొంతులో గొట్టం తెలుస్తుంటుంది, కన్ను తెరవలేడు, వేలు కదపలేడు. చుట్టూ ఉన్నవాళ్లు తను స్పృహలో లేడనుకుంటున్నారని తెలుస్తున్నా చెప్పడానికి దారి లేదు. ఇలా మేలుకుని బిగుసుకుపోయినవాళ్లు తర్వాత చెప్పిన అనుభవాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకే స్కోలిన్ తర్వాత కండరాలు కదలని మనిషికి నిద్ర మందు ఆపకూడదు. నరం మీద చిన్న కరెంటు పెట్టి కండరం కదిలిందో లేదో చూసే పరికరం వాడాలి.

స్కోలిన్ ఒక్కటే కాదు. మివాక్యూరియం అనే కండర సడలింపు మందు కూడా ఈ ఎంజైమ్ చేతిలోనే కరగాలి. స్థానిక మత్తుకు వాడే క్లోరోప్రొకెయిన్ సంగతీ అంతే. మన దేశంలో ఆస్తమాకు తరచూ రాసే బాంబుటెరాల్‌ది ఇంకో కథ. ఈ ఎంజైమ్ కోస్తేనే అది టెర్బ్యుటలిన్‌గా మారి పనిచేస్తుంది. పైగా కోతకు వచ్చి ఎంజైమ్‌నే కొంతకాలం కట్టేస్తుంది. ఎంజైమ్ మామూలుగా ఉన్నవాళ్లలో సైతం బాంబుటెరాల్ వాడుతుండగా స్కోలిన్ ఇస్తే ప్రభావం ఎక్కువసేపు ఉండవచ్చు. గర్భిణుల్లో ఎంజైమ్ సహజంగానే దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. కాలేయ జబ్బు ముదిరినా తగ్గుతుంది.

లోపం రకాలు

1950ల్లో స్కోలిన్ తర్వాత గంటల తరబడి ఊపిరాడని రోగుల గురించి టొరంటోలో వెర్నర్ కాలో పరిశోధించాడు. డైబుకెయిన్ అనే మందు మామూలు ఎంజైమ్‌ను 80 శాతం అణిచేస్తుంది. ఈ రోగుల ఎంజైమ్‌ను మాత్రం 20 శాతమే అణచగలిగింది. వాళ్ల తల్లిదండ్రుల్లో అది 60 దగ్గర నిలిచింది. 1957లో జెనెస్ట్‌తో కలిసి ప్రచురించిన ఈ పద్ధతే నేటికీ 'డైబుకెయిన్ నంబర్'గా ల్యాబుల్లో ఉంది. ఒక మందు ఒకరికి మేలు, ఇంకొకరికి గండం ఎందుకు అవుతుందో తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుతో వివరించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఫార్మకోజెనెటిక్స్ మీద 1962లో వచ్చిన పుస్తకం రాసింది కూడా ఈ కాలోనే.

కాలో చూసిన లోపానికి మూలం 1989లో తేలింది. గుమ్మం దగ్గర నిలబడి ధనావేశాన్ని పిలిచే 70వ ఆస్పార్టిక్ ఆమ్లం స్థానంలో గ్లైసిన్ వచ్చింది. పిలుపు లేక స్కోలిన్ బావిలోకి సరిగా దిగదు. యూరప్ మూలాలున్న జనంలో సుమారు మూడు వేల మందిలో ఒకరికి తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు జన్యు ప్రతుల్లోనూ ఈ మార్పు ఉంటుంది. కాలో గౌరవార్థం కె-రకం అని పిలిచే మరో మార్పు 539వ స్థానంలో వస్తుంది. అది చాలా మందిలో ఉంటుంది, ఎంజైమ్‌ను మూడో వంతు తగ్గిస్తుంది, ఒంటరిగా వస్తే పెద్ద ప్రమాదం లేదు.

ఎంజైమ్ పూర్తిగా మూగబోయే రకాలను 'సైలెంట్' అంటారు. ఇక్కడొక మెలిక ఉంది. డైబుకెయిన్ పరీక్ష ఉన్న ఎంజైమ్‌ను అణచి కొలుస్తుంది. అసలు ఎంజైమే లేనప్పుడు అణచడానికేముంది? కాబట్టి సైలెంట్ రకానికి ఈ నంబర్ ఏమీ చెప్పదు, నేరుగా ఎంజైమ్ పనితనాన్ని కొలవాలి లేదా జన్యువు చదవాలి. తెలుగువాళ్లకు సంబంధించినది ఈ సైలెంట్ రకమే కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఆర్యవైశ్యుల్లో

ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో సైలెంట్ జన్యువు చాలా ఎక్కువగా ఉందని 1979లోనే రావు, గోపాలం హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో రాశారు. అప్పటికింకా ఈ జన్యువు వరసే తెలియదు. కారణమైన మార్పు బయటపడడానికి మరో పాతికేళ్లు పట్టింది. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం నుంచి మనోహరన్, భూపతి, అమెరికాలోని ఒమాహా నుంచి లాక్రిడ్జ్, మరికొందరు కలిసి దాన్ని ప్రచురించారు. 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చింది. జన్యువులో ఒక్క అక్షరం, టి బదులు సి, మారడం వల్ల జరిగిన పని ఇది.

307వ స్థానం గుమ్మమూ కాదు, కత్తీ కాదు. అయినా ఎంజైమ్ మొత్తం మూగబోయింది. ఎందుకో అర్థం కావాలంటే ప్రోలిన్ స్వభావం చూడాలి. మిగతా అమైనో ఆమ్లాలు గొలుసులో కొంత తిరగగలవు, పక్కవాటితో హైడ్రోజన్ బంధం కట్టగలవు. ప్రోలిన్ పక్క గొలుసు వెనక్కి వంగి తన నైట్రోజన్‌కే ముడిపడి ఉంటుంది. అది తిరగదు, ఆ నైట్రోజన్‌తో బంధం కట్టదు. చాప అల్లికలో ఒక గడ్డిపోచ బదులు ఇనుప తీగ పెట్టినట్టు చుట్టూ ఉన్న అల్లికంతా పక్కకు తప్పుకోవాల్సి వస్తుంది. గొలుసు సరిగా ముడుచుకోకపోతే బావీ ఉండదు, అడుగున ముగ్గురు చేరడమూ ఉండదు. లోపల ప్రోలిన్ పెప్టైడ్ లేకపోతే నాలుగు గొలుసుల జట్టే కట్టదు. అదే ప్రోలిన్ మరోచోట ఒక్కటి ఎక్కువైతే మొత్తం పోయింది. ప్రోటీన్ల నిర్మాణంలో చోటుదే పెత్తనమని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ మార్పు ఒకే సమాజంలో ఇంతగా ఎందుకు నిలిచింది? హైదరాబాద్ సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందాలు ఏళ్ల తరబడి భారతీయ సమూహాల జన్యువులను చదివాయి. 2009లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసంలో, తర్వాత 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన వ్యాసంలో వైశ్యుల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. రెండు మూడు వేల ఏళ్ల కిందట ఒక చిన్న సమూహం నుంచి వీళ్లంతా విస్తరించారనీ, ఆనాటి నుంచి పెళ్లిళ్లు లోపలే జరిగాయనీ జన్యువులు చెబుతున్నాయి. ఆ కొద్దిమందిలో ఒకరికి ఈ మార్పు ఉంటే చాలు. సమూహం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. లోపం ఉన్నవాళ్లకు ఏ బాధా లేదు కాబట్టి ప్రకృతి కూడా దాన్ని ఏరి పారేయలేదు.

ఆర్యవైశ్యులకు 102 గోత్రాలు. పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథలో 714 గోత్రాల వారిలో 102 గోత్రాల వారే ఆమె వెంట నిలిచారని సంప్రదాయం. కొద్దిమంది నుంచి సమాజం అయిన కథ అది. అయితే ఆ కథకూ జన్యువులు చెప్పే కాలానికీ ముడిపెట్టకూడదు. గోత్రం వేరైతే రక్తం వేరన్న నమ్మకం మాత్రం ఇక్కడ పూర్తిగా పనిచేయదు. గోత్రం తండ్రి వైపునే నడుస్తుంది. మేనమామ కూతురిది వేరే గోత్రమే అయినా తాతమ్మల నుంచి వచ్చిన జన్యువు ఇద్దరిలోనూ ఉండవచ్చు. సమూహమంతటా పాకిన మార్పును గోత్రం చూసి తప్పించుకోలేం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కో చెడ్డ ప్రతి మోస్తుంటే ప్రతి కాన్పులోనూ లోపం రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఇందులో ఎవరి తప్పూ లేదు, సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు. అలాస్కా ఎస్కిమోల్లోనూ ఇదే లోపం ఎక్కువని 1967లోనే రాశారు. తెలుగువాళ్లలో మిగతా కులాల్లోనూ ఈ లోపం అరుదుగానైనా ఉంటుంది కాబట్టి స్కోలిన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైన ఏ కుటుంబమైనా పరీక్ష చేయించుకోవాలి.

పురుగుమందులు

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు, యుద్ధాల్లో వాడే నెర్వ్ గ్యాసులు రెండూ ఈ ఎంజైమ్ 198వ సెరీన్‌కే అతుక్కుంటాయి. అతుక్కుంటే అంత తేలిగ్గా ఊడవు. విషం ఇక్కడ అంటుకుపోతే అసలు ప్రమాదం జరిగే నరాల దగ్గరి అసిటైల్‌కోలినెస్టరేజ్ దాకా వెళ్లేది తగ్గుతుంది. అంటే రక్తంలోని ఈ ఎంజైమ్ ముందు నిలబడి దెబ్బ కాచుకునే డాలు. అదే ఆలోచనతో మేకపాలలో మానవ బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ పండించి సైనికులకు రక్షణగా ఇవ్వాలని ప్రయత్నించారు. అట్లాంటాలోని సీడీసీ ప్రయోగశాలలు రక్తంలో 198వ సెరీన్ చుట్టూ ఉండే తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను వేరుచేసి, దాని మీద ఏ విషం అంటుకుందో తూకంతో చెప్పే పద్ధతులు తయారుచేశాయి.

గుంటూరు, వరంగల్ వైపు పత్తి పొలాల్లో మందు కొట్టి పడిపోయినవాళ్లను ఆసుపత్రికి తెస్తే డాక్టర్లు రక్తంలో కోలినెస్టరేజ్ చూస్తారు. తక్కువుంటే విషమని తేలుస్తారు. పుట్టుకతోనే ఎంజైమ్ లేని మనిషిలో విషం లేకపోయినా అది సున్నాయే. ఆ డాలు లేనందున ఇలాంటి మనిషి పురుగుమందుకు మిగతావాళ్లకన్నా దూరంగా ఉండాలి కూడా.

అల్ఫారెట్టాలో

అల్ఫారెట్టా ఫుల్టన్ కౌంటీ ఉత్తర భాగంలో, అట్లాంటా నుంచి 400 నంబర్ రోడ్డు మీద పైకి వెళ్తే వస్తుంది. 1858లో ఊరుగా ఏర్పడింది. 2020 జనగణనలో జనాభా 65,818. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో ఇక్కడికీ, పక్కనున్న జాన్స్ క్రీక్, కమింగ్‌లకీ తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో చేరాయి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తూ పోతూ ఉంటారు.

ఆంధ్రాలో, తెలంగాణలో అనుభవమున్న మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు ఇంటిపేరు విని, కులం అడిగి జాగ్రత్తపడవచ్చు. అమెరికాలో ఆ ఆధారం లేదు. ఇంటిపేరు అక్కడి డాక్టరుకు ఏమీ చెప్పదు. అక్కడ ఆపరేషన్‌కు ముందు నింపే కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ కుటుంబంలో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా? చాలామంది 'లేదు' దగ్గర టిక్కు పెట్టి ముందుకెళ్తారు. మూడు దశాబ్దాల కిందట మేనత్తకు ఆపరేషన్ తర్వాత మరునాటి దాకా మెలకువ రాలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు, వచ్చినా అది దీనికి సంబంధించినదని తట్టదు. అమెరికాలో పుట్టిన పిల్లలకు మడమ నుంచి రక్తం తీసి చేసే పరీక్షల్లో ఈ లోపం లేదు. కాబట్టి అడగకపోతే తెలిసే దారి లేదు.

తెలిస్తే మాత్రం పరిష్కారం సులువు. స్కోలిన్ బదులు రోక్యురోనియం ఇవ్వవచ్చు. అది ఈ ఎంజైమ్ మీద ఆధారపడదు. దాన్ని వెంటనే దించేయడానికి 2015 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన సుగమ్మడెక్స్ ఉంది. ఆ మందు రోక్యురోనియం అణువును గిన్నెలా చుట్టుకుని మింగేస్తుంది. ఈ జాగ్రత్తకు ముందుగా చెప్పే ఒక్క మాట కావాలి.

కాబట్టి ఆర్యవైశ్య కుటుంబాలకు, స్కోలిన్ తర్వాత ఊపిరి ఆలస్యమైన చరిత్ర ఉన్న ఏ కుటుంబానికైనా విన్నపం. ఒకసారి రక్తంలో సూడోకోలినెస్టరేజ్ పనితనం పరీక్ష చేయించండి. డైబుకెయిన్ నంబర్ ఒక్కటే కాదు, పనితనం కొలవమని అడగండి. రక్తం ఎక్కించుకున్న కొత్తలో చేయించకండి, దాతల ఎంజైమ్ లెక్క తప్పిస్తుంది. లోపం తేలితే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చెప్పండి, వాళ్లకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. పర్సులో ఒక కార్డు, చేతికి మెడికల్ అలర్ట్ గొలుసు పెట్టుకోండి. అల్ఫారెట్టాలో వాసవీ జయంతికి నలుగురు కూడినప్పుడు ఈ మాట ఎత్తండి. అమ్మానాన్నలు విమానం ఎక్కేముందు బాంబుటెరాల్ లాంటి మందులేవైనా వాడుతుంటే ఆ పేరు చీటీ మీద రాసి ఇవ్వండి, ఎందుకంటే అక్కడి మందుల షాపుల్లో అది దొరకదు, పేరు చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లేముందు మత్తు డాక్టరు కనిపించిన వెంటనే చెప్పండి: నాకు సూడోకోలినెస్టరేజ్ లోపం ఉంది, లేదా ఉండవచ్చు, సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం వద్దు.